తొమ్మిది బెండ్ల కట్ట

ఈమధ్య మా మనవరాలు సహన మూడు రోజుల సెలవు పెట్టి వనపర్తికి వచ్చింది. వచ్చీ రాగానే చెప్పులైనా విప్పకుండా ఫోను నా ముందు పెట్టి, "అవ్వా, ఈ రెండిట్ల ఏది మంచిగున్నది?" అని అడిగింది. పెళ్ళి సంబంధాల ఫొటోలేమో, ఇన్నాళ్ళకు దీనికి బుద్ధి పుట్టిందేమో అని నేను కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను. తీరా చూస్తే రెండు బల్లలు! సముద్రంలో అల మీద నిలబడి జారే సర్ఫ్ బోర్డులట. ఒకటి తెల్లగా, సన్నగా, ముక్కు సూదిగా, నడుమ ఒక ఎర్రగీతతో కళ్ళు చెదిరేలా ఉంది. రెండోది లేత నీలం రంగుది. ఎనిమిది అడుగుల పొడవు, దానికి తగ్గ వెడల్పు, మందం, పైన మెత్తటి స్పాంజి పొర. చుట్టాలొస్తే కింద పరిచే పరుపులా ఉంది, అందం చందం ఏమీ లేదు. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న ఈ పిల్ల మూడు నెలల నుంచి ఆదివారాలు బీచికి పోయి, అద్దె బోర్డుల మీద అలలాట నేర్చుకుంటోంది. ఇప్పుడు సొంతంగా ఒకటి కొనుక్కోవాలనుకుంటోంది. ఆ సంగతి ఫోనులో చెప్పినందుకే వాళ్ళమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆమెను బుజ్జగించడానికే ఈ పిల్ల పరుగెత్తుకొచ్చింది.

వాళ్ళమ్మ, అంటే మా కోడలు సుజాత, మంచి ధైర్యవంతురాలే. పాము కనిపిస్తే మా అబ్బాయి మంచమెక్కుతాడు, ఆమె కట్టె తీసుకుంటుంది. కానీ నీళ్ళంటే మాత్రం హడల్. సోమశిలకు పోయినప్పుడు కూడా అందరం లాంచీ ఎక్కితే ఆమె ఒడ్డున చెప్పులకు కాపలా కూర్చుంది. ఆ పొద్దున సహన స్నానానికి పోగానే వంటింట్లో నన్ను పట్టుకుంది. "అత్తమ్మా, నా మాట ఇంటలేదు. మీ మాటైతే ఇంటది. జర వద్దని చెప్పున్రి. నదులల్ల, సముద్రాలల్ల ఆటలేంది? ఆడపిల్లకు ఇంకేం దొరకలేదా?" అంది. గిన్నెలు తోముతూనే కళ్ళు తుడుచుకుంది. నేను వద్దంటే సహన నిజంగానే మానేస్తుంది. అదే నాకు భయమేసింది. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ నా మాట దాటదు. ఇన్నేళ్ళు బళ్ళో లెక్కల పంతులమ్మగా బతికాను కదా, నేను చెప్పిందల్లా రైటని ఇంట్లో వాళ్ళకు ఒక నమ్మకం. చూద్దాంలే అని తప్పించుకున్నాను.

మధ్యాహ్నం సహన మళ్ళీ ఆ ఫొటోలు తీసింది. నేర్పే అబ్బాయి నీలం పరుపునే కొనమన్నాడట. కొత్తవాళ్ళకు పొడుగూ వెడల్పూ మందమూ ఉన్న బోర్డే కావాలనీ, అది మనిషి బరువును బట్టి తేల్చాలనీ, మెత్తగా ఉంటే పడి తగిలినా దెబ్బ ఉండదనీ చెప్పాడట. సన్న బోర్డు చురుగ్గా తిరుగుతుంది కానీ, నిలబడడం రానివాళ్ళను నిలబడనివ్వదట. అన్నీ తెలిసి కూడా దీని మనసు మాత్రం ఎర్రగీత మీదే ఉంది. "నీలందైతే చిన్నపిల్లలకు కిరాయికిచ్చే బోర్డు లెక్క ఉంటది అవ్వా. అది పట్టుకొని బీచ్‌ల నడుస్తే అందరు చూసి నవ్వుతరు" అంది. ఆ ముక్క వినగానే నా వీపు మీద ఏదో బరుకుగా తగిలినట్టయింది. ఎండిన జీలుగు బెండ్లు, తడిసిన నూలు తాడు, నాచు వాసన. వెనక నుంచి పిల్లల నవ్వులు. ఇన్నేళ్ళూ నేను మరిచిపోయాననుకున్న ఒక ఎండాకాలం అదాటుగా వచ్చి ముందర కూర్చుంది.

మా ఊరు కృష్ణా తుంగభద్రల నడుమ ఉండే నడిగడ్డలో, కృష్ణ ఒడ్డున. గద్వాల నుంచి ఎద్దుల బండి మీద ఒక పూట ప్రయాణం. ఊళ్ళో బడి ఏడు వరకే ఉండేది. ఎనిమిది చదవాలంటే ఏరు దాటాలి. ఏరు దాటాలంటే పుట్టి ఎక్కాలి. పుట్టి అంటే వెదురుతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట. అడుగున గుడ్డ కప్పి తారు పూస్తారు. పది మందీ, రెండు మేకలూ, ఒక సైకిలూ ఎక్కాక అది ఏటి మీద గిరగిరా తిరుగుతూ అవతలి ఒడ్డుకు పోయేది. నేను ఏడు పాసయినప్పుడు మా నాయన తిమ్మప్ప ఒకే ఒక మాట చెప్పాడు. "ఈత నేర్సుకుంటే పుట్టి ఎక్కు, బడికి పో. బడి తెరిసేదాంక టైమున్నది. రాకుంటే ఏడుతోటే సాలు." అంతకు మించి ఆయన మాట్లాడడు. బతిమాలితే వినే మనిషీ కాదు. నా తోటి ఆడపిల్లలు ఇద్దరు అప్పటికే బడి మాని పత్తి చేలల్లోకి పోతున్నారు. నాకేమో బడి అంటే ప్రాణం. భిన్నాలు విడగొడుతుంటే నాకు ఆకలి తెలిసేది కాదు. కాబట్టి ఆ ఎండాకాలం నాకు ఈత ఆట కాదు. ఎనిమిదో తరగతి మొత్తం మా ఊరి దిగుడుబావి నీళ్ళల్లోనే ఉంది.

మా ఇల్లు చిన్నది, గోడలు మందం. పొద్దున అమ్మ జొన్నరొట్టె చరిచే చప్పుడుకే లేచేవాళ్ళం. పొయ్యి పక్కన మా అవ్వ, అంటే నాయన తల్లి, కాళ్ళు చాపుకుని కూర్చుని చింతపండు గింజలు తీసేది, లేదంటే వత్తులు చేసేది. ఖాళీగా కూర్చున్న అవ్వను నేను చూడలేదు. ఆమె తల మీదుగా దూలానికి వరసగా సొరబుర్రలు వేలాడేవి. బాగా ముదిరిన సొరకాయను ఎండబెట్టి, తొడిమ దగ్గర చిన్న నోరు కోసి, లోపల శుభ్రం చేసి, అందులో విత్తనాలు పోసేది. బీర, కాకర, అనుములు, గోరుచిక్కుడు, ఒక్కో బుర్రకు ఒక్కో విత్తనం. పురుగు పట్టకుండా బూడిద కలిపి, నోట్లో పాత గుడ్డ కుక్కి, పైన పేడ మెత్తేది. ఏళ్ళ తరబడి పొయ్యి పొగ తగిలి ఆ బుర్రలు నల్లగా, నున్నగా, నూనె రాసినట్టు మెరిసేవి. వాటిని తాకితే అవ్వ చేతిలో తిట్లు ఖాయం. ఇంటికి అన్నం పెట్టేది అవేనని ఆమె లెక్క.

నాయన సంగతి వేరే. పొలం నుంచి వచ్చి వాకిట్లో గోలెం దగ్గర చెంబుతో స్నానం చేసేవాడు. పండగనాడు ఊరంతా ఏటికి పోయినా ఆయన మాత్రం ఆ గోలెం దగ్గరే. ఏటి నీళ్ళు పడవని చెప్పేవాడు. పెబ్బేరు సంతకు ఎద్దులను తోలుకుపోవాలన్నా, పలుపులు కొనడానికి పోవాలన్నా, దగ్గరి దారి పుట్టే అయినా చుట్టు తిరిగి వంతెన మీదుగా బండి మీదనే పోయేవాడు. తెల్లవారకముందే బయలుదేరి పొద్దుగూకాక వచ్చేవాడు. ఎద్దులు పుట్టిలో బెదురుతాయని మాకు చెప్పేవాడు. ఎద్దులు లేని రోజు కూడా ఎందుకలా పోతాడని అడగాలని మాకు ఎన్నడూ తట్టలేదు. పెద్దవాళ్ళకు వాళ్ళ పద్ధతులుంటాయి, అంతే అనుకునేవాళ్ళం.

ఊళ్ళో ఈత నేర్పేది ఖాసిం తాత. పుట్టి నడిపేదీ ఆయనే. బక్కగా, నల్లగా, తెల్ల గడ్డంతో ఉండేవాడు. మధ్యాహ్నం ఎండకు ఏటి మీద గిరాకీ ఉండదు కాబట్టి ఆ పూట మా దిగుడుబావి దగ్గరకు వచ్చి పిల్లలను నీళ్ళలో దించేవాడు. ఆయన కొట్టం ఒక దుకాణంలా ఉండేది. నోరు కోయని సొరబుర్రలు, మూతలు బిగించిన నూనె డబ్బాలు, జీలుగు బెండ్ల కట్టలు చూరుకు వేలాడుతుండేవి. జీలుగు తడి నేలల్లో పెరుగుతుంది. ఎండితే ముంజేయంత లావు కట్టె కూడా చేతికి బరువే తెలియదు. ఎవరికి ఏది కట్టాలో ఆయనే చెప్పేవాడు. చంకల కింద చేతులు పెట్టి పిల్లను ఒకసారి పైకి లేపి దించేవాడు. అదే ఆయన తూకం. తరవాత నులకమంచం మీద బోర్లా పడుకోమని, వీపు ఎంత వెడల్పుందో జానతో కొలిచేవాడు. నన్ను లేపి దించి, "తొమ్మిది" అన్నాడు. తొమ్మిది బెండ్లు పక్కపక్కన పేర్చి, పాత గద్వాల నూలు చీర అంచుతో కట్టిన కట్ట. నూలైతే ఒరుసుకోదని. అది వీపుకు కట్టుకుంటే నేను మోపు మోసే గాడిదలా ఉన్నాను. మా చిన్నాయన కూతురు రంగమ్మ అప్పటికే ఈదడం నేర్చుకుని, ఒక్క చిన్న సొరబుర్ర నడుముకు కట్టుకుని, చేపపిల్లలా తిరిగేది. అది నన్ను చూసి నవ్వింది. మిగతా వాళ్ళు అందుకున్నారు. "తాతా, నాకు గసుంటి బుర్ర ఇయ్యి" అన్నాను. "నీకు గిప్పుడు బుర్ర పనికి రాదు బిడ్డా. అది మొయ్యదు, మోసినట్టు చేస్తది. ఇగ గిది జూడనీకి గలీజుగున్నా నిన్ను ఇడిసిపెట్టదు" అన్నాడు.

ఆయన పద్ధతి ఒకటుండేది. మూడు నాలుగు రోజులకొకసారి, మనకు చెప్పకుండా, కట్టేటప్పుడు ఒక బెండు తీసేసేవాడు. వీపు వెనక సంగతి మనకెట్లా తెలుస్తుంది? ఎన్ని మిగిలాయని అడిగితే, "లెక్క నీకెందుకు, కాళ్ళాడియ్యి" అనేవాడు. నాకేమో లెక్కలంటే పిచ్చి, అందుకే అది మరీ బాధగా ఉండేది. మొదటి పది రోజుల్లో నేను బావికి అడ్డంగా పోయి రాగలిగాను. అమ్మ నాయనకు చెప్పింది. విని నాయన, "శనివారం నేనొచ్చి సూస్త" అన్నాడు. అంతే, నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. నాయన చూస్తాడు. నాయన ముందర, రంగమ్మ ముందర, ఆ గాడిద మోపుతో దూకాలా? అప్పుడు నా కన్ను అవ్వ దూలం మీద పడింది.

అనుముల బుర్ర అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా నున్ననిది. నడుము దగ్గర సన్నగా నొక్కినట్టుండి తాడు కట్టడానికే పుట్టినట్టుంది. అవ్వ పాలకూ, అమ్మ పొలానికీ పోయిన పూట స్టూలెక్కి దాన్ని దించాను. పేడ పొడిచి, గుడ్డ లాగి, విత్తనాలు కుండలో పోశాను. ఆ కుండలో అప్పటికే బీర గింజలున్నాయని చూసుకోలేదు. మళ్ళీ గుడ్డ కుక్కి, కొత్త పేడ తెచ్చి, అవ్వ కన్నా నున్నగా మెత్తి, గడ్డివామి వెనక రెండు రోజులు ఎండబెట్టాను. రాయిలా గట్టిపడింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. ఈతకు కట్టుకునే బుర్రకు నోరుండకూడదనీ, విత్తనాల బుర్రకు నోరుంటుందనీ నాకు తెలుసు. పేడ నీళ్ళలో నానితే ఏమవుతుందో వాకిట్లో కళ్ళాపి చల్లే పిల్లకు తెలియకుండా ఎలా ఉంటుంది? కానీ మనసుకు నచ్చిన వస్తువు చేతిలో ఉన్నప్పుడు తెలిసినవన్నీ పక్కకు జరిగి దారిస్తాయి. సహన ఎర్రగీత బోర్డు గురించి మాట్లాడుతున్నప్పుడు దాని కళ్ళల్లో నాకు కనిపించింది సరిగ్గా అదే.

శనివారం మధ్యాహ్నం నాయన పంచె ఎగగట్టుకుని బావి పైమెట్టు మీద నిలబడ్డాడు. ఖాసిం తాత అవతలి వైపు ఎవరికో తాడు కడుతున్నాడు. నేను గోడ చాటున ఆ బుర్ర నడుముకు కట్టుకుని వచ్చి, ఆయన చూసేలోపే దూకేశాను. తేలాను! బుర్ర దర్జాగా తేలింది. నాలుగు బారలు వేశాను. నాయన వైపు చూసి నవ్వాను కూడా. బావి నడుమకు వచ్చాక నడుము వెనక బుడబుడమని చప్పుడైంది. వీపు మీదుగా ఏదో మెత్తగా జారింది. పేడ కరిగి గుడ్డ ఊడిపోయింది. బుర్ర నీళ్ళు తాగుతూ నన్ను నడుము పట్టి వెనక్కు లాగింది. తాడు ముడి తడిసి బిగుసుకుపోయింది. ఒకసారి మునిగి లేచాను. "నాయినా" అని అరిచాను. నాయన నాలుగు మెట్లు దడదడా దిగాడు, మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చాడు, అక్కడ ఆగిపోయాడు. రెండు చేతులూ నా వైపు చాచాడు. కాళ్ళు మాత్రం కదలలేదు. ఆయన నోరు తెరుచుకుని ఉంది, మాట లేదు. మళ్ళీ మునిగే ముందు నేను చూసింది ఆ ముఖమే. తరవాత ఎవరో జడ పట్టి లాగారు. ఖాసిం తాత బట్టలతోనే దూకాడు.

మెట్ల మీద బోర్లా వేసి వీపు మీద చరిస్తే నీళ్ళు కక్కాను. నాయన నన్ను చూడలేదు. ఖాసిం తాత మీద విరుచుకుపడ్డాడు. "గిదేనా నువ్వు నేర్పేది? నా పిల్ల సచ్చిపోతుండె! ఇగ బాయి లేదు, బడి లేదు, ఏడుతోటే ఖతం" అన్నాడు. నేనే తప్పు చేశానని, తాత తప్పేమీ లేదని చెప్పబోయాను. మాటకు బదులు మళ్ళీ నీళ్ళే వచ్చాయి. తాత గడ్డం పిండుకుంటూ నాయన కాళ్ళ వైపు చూశాడు. మోకాళ్ళ దాకా తడిసిన పంచె వైపు.

ఇంటికి వచ్చేసరికి అవ్వకు సంగతంతా తెలిసిపోయింది. కుండలో కలగాపులగమైన విత్తనాలు చేటలో పోసుకుని కూర్చుంది. తిడుతుందని గోడకు అంటుకుపోయి నిలబడ్డాను. "రా, కూసో, ఏరు" అంది. అనుములు ఒక వైపు, బీర గింజలు ఒక వైపు, ఇద్దరం ఏరుతూ కూర్చున్నాం. నేను ఏడుస్తూనే ఏరాను. కొంతసేపటికి అవ్వ తల ఎత్తకుండానే చెప్పింది. "మీ నాయినకు ఈత రాదు. నీ అంత ఉన్నప్పుడు ఏట్ల కొట్కపోయిండు. చెట్టు కొమ్మ దొరికి బతికిండు. గప్పటిసంది నీళ్ళంటే పరేషాన్. సిగ్గుకు ఎవ్వలకు చెప్పలే, నన్ను చెప్పనియ్యలే." నా చేతులు ఆగిపోయాయి. గోలెం స్నానాలు, వంతెన దారి, బెదరని ఎద్దులు, అన్నీ ఒక్కసారి వరసలోకి వచ్చాయి. నాకు ఎక్కువ బాధేసింది ఇంకొకందుకు. నాకు పెట్టిన షరతు ఆయన కఠినత్వం అనుకున్నాను. అది ఆయన భయం. పుట్టి తిరగబడితే తను దూకలేడని తెలిసిన తండ్రి, పిల్లకు ఈతన్నా వస్తే బతుకుతుందని చేసిన ఆలోచన. అవ్వ విత్తనాలు ముడిగట్టి, పొద్దు వాలకముందే చెంబు పట్టుకుని బయటికి పోయింది. పాలకని చెప్పింది. వచ్చేసరికి చెంబు ఖాళీగానే ఉంది. ఖాసిం తాత ఇంటికి పోయొచ్చిందని అమ్మ తరవాత ఎప్పుడో చెప్పింది.

మర్నాడు పొద్దున నాయన ఎద్దులకు మేత వేస్తుంటే ఖాసిం తాత వచ్చాడు. ఒక భుజం మీద నా తొమ్మిది బెండ్ల కట్ట, రెండో భుజం మీద దానికి రెండింతల కట్ట. రెండూ అరుగు మీద దించాడు.

"ఒకటి పిల్లది" అన్నాడు.

"వద్దని చెప్పిన గద కాసిమన్నా. ఇంకోటెవలిది?"

"నీది."

నాయన మేత వదిలేసి చూశాడు. తాత దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. గడప లోపల ఉన్న నాకు వినబడింది. "నిన్న నువ్వు నిలబడ్డది నేను జూసిన తిమ్మప్పా. నేను జూసిన, ఇంకెవ్వలు జూడలే. పిల్లగాండ్లందరు ఇంటికి పోయినంక, పొద్దు మల్లేటప్పుడు రా. గప్పుడు బాయి కాడ ఎవ్వలుండరు. నీకు పద్దెనిమిది. గింత మనిషికి గింత కావాల్నే, గిండ్ల సిగ్గేంది?"

నాయన ఎద్దు గంగడోలు నిమిరి, మళ్ళీ మేత అందుకున్నాడు. సాయంత్రం మాత్రం, ఒడ్డున దేనికైనా కట్టి పట్టుకోవడానికేమో, పెబ్బేరు సంతలో కొన్న కొత్త పలుపు ఒకటి తీసుకుని, "పా" అన్నాడు నాతో. ఇద్దరం మోపులు మోసుకుంటూ పోయాం. బావి దగ్గర నిజంగానే ఎవరూ లేరు. నా కట్ట నాకు, ఆయన కట్ట ఆయనకు కట్టాడు తాత. నాయన మెట్టు మెట్టుకూ ఆగాడు. మోకాలి లోతులో మళ్ళీ నిలబడిపోయాడు. నేను ముందుకు పోయి, వెనక్కు తిరిగి, "నాయినా, గిది ఇడిసిపెట్టదంట. నిజంగనే ఇడిసిపెట్టదు" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. అరవైయేళ్ళు దగ్గర పడుతున్నా ఆ పట్టు నా మణికట్టుకు గుర్తుంది. కళ్ళు మూసుకుని ఒక్కసారిగా వాలిపోయాడు. పద్దెనిమిది బెండ్లు ఆయనను ఎత్తి పట్టుకున్నాయి. కళ్ళు తెరిచి, తను తేలుతున్నానని తెలుసుకుని, నాయన నవ్వాడు. ఆయనకు పన్ను ఒకటి లేదని నేను అప్పుడే చూశాను. అంతగా నవ్వడం అంతకుముందు ఎరగను.

ఆ తరవాత రోజూ సాయంత్రం మాకదే పని. తాత మా ఇద్దరి కట్టల్లోంచి చెప్పకుండా ఒక్కొక్క బెండు తీసేస్తూ వచ్చాడు. నాకు ముందే వచ్చేసింది. నాయనకు ఆలస్యమైంది. బడి తెరవడానికి ఇంకా కొన్ని రోజులుందనగా ఒక సాయంత్రం నాయన బావికి అడ్డంగా పోయి వస్తున్నాడు. నేను మెట్టు మీద కూర్చుని చూస్తున్నాను. ఆయన వీపు నీళ్ళ మీదకు లేచినప్పుడు కనిపించింది. వీపు మీద నూలు గుడ్డ ముడి ఒక్కటే ఉంది. అందులో ఒక్క బెండు కూడా లేదు. "నాయినా" అని నోటిదాకా వచ్చింది. పక్కన ఖాసిం తాత నా మోకాలు మీద చెయ్యి వేసి, వద్దన్నట్టు తలాడించాడు. నేను చెప్పలేదు. నాయన ఒడ్డుకు వచ్చి మెట్టు పట్టుకుని, వెనక్కు చెయ్యి పెట్టి తడుముకుని, ఉత్త గుడ్డ చేతికి తగిలి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మేము ఆకాశం చూశాం.

బడి తెరిచిన రోజు నన్ను దింపడానికి నాయన పుట్టి ఎక్కాడు. అవ్వ ఒడ్డుకు వచ్చి నిలబడింది. ఏటి నడుమ పుట్టి గిరగిరా తిరుగుతుంటే ఆయన అంచు గట్టిగా పట్టుకున్నాడు కానీ కళ్ళు మూసుకోలేదు. అవతల దిగాక ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. అప్పుడు నా గుండె మీది నుంచి ఎంత బరువు దిగిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ తరవాత పెబ్బేరు సంతకు ఆయన పుట్టి మీదనే పోయాడు, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చేవాడు. నేను పది చదివాను, ఆ పైన చదివాను, నాగర్‌కర్నూల్ లోనూ అచ్చంపేటలోనూ పిల్లలకు భిన్నాలు చెప్పాను. కొత్త లెక్క రాని పిల్లకు మొదట్లో ఎక్కువ ఆసరా ఇచ్చి, తెలియకుండా తీసేయడం నేను ఏ ట్రైనింగ్ కాలేజీలోనూ నేర్చుకోలేదు. ఇప్పుడు ఏటి మీద వంతెనలున్నాయి, బస్సులున్నాయి, మా ఊళ్ళోనే హైస్కూలుంది. ఏడుతో ఆగిపోయే ఆడపిల్లలు లేరు. దిగుడుబావిలో నీళ్ళూ లేవు, ఈత నేర్పే మనిషీ లేడు. ఆ బావి పోయిందని నాకు దిగులుంది. కానీ ఒక ఆడపిల్ల చదువు ఒక సొరబుర్ర నోటికి మెత్తిన పేడ మీద ఆధారపడని రోజులు వచ్చినందుకు నాకు నిశ్చింతగానే ఉంది. ఈ రెండిటినీ పక్కపక్కన పెడితే నేను ఈనాటి వైపే మొగ్గుతాను.

ఇదంతా ఆ సాయంత్రం సహనకూ సుజాతకూ కలిపే చెప్పాను. నాయన సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పడం అదే మొదలు. మా అబ్బాయికి కూడా తెలియదు. సహన ఫోను తీసి ఎర్రగీత బోర్డును ఒకసారి చూసుకుని, నిట్టూర్చి, "సరే అవ్వా, పరుపే కొంట" అంది. నేను సుజాత వైపు తిరిగాను. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. "నేను దాన్ని వద్దనను బిడ్డా. నువ్వే ఓసారి దాని ఎంట పోయి రా" అన్నాను. "నేనా? నేను పోయి ఏం జేస్త అత్తమ్మా, ఒడ్డున కూసుంటనా?" అంది. "కూసో. ఎవలొద్దన్నరు?" అన్నాను. ఎట్లాగో ఒప్పుకుంది. ఊరగాయ జాడీ, సకినాలు, మూడు తువ్వాళ్ళు సర్దుకుని కూతురితో రైలెక్కింది. ఒడ్డున కూర్చునే మనిషికి మూడు తువ్వాళ్ళెందుకని నేను అడగలేదు.

నిన్న పొద్దున సహన వీడియో పంపింది. నేర్పే అబ్బాయి తీశాడట. అలలు చిన్నగా ఉన్నాయి. నీలం బోర్డు మీద సుజాత బోర్లా పడుకుని ఉంది. కూతురి పాత చుడీదారు వేసుకుంది, జుట్టు ముడిచింది, బోర్డు అంచులు రెండు చేతులా పట్టుకుంది. బోర్డు వెనక, నడుము లోతు నీళ్ళలో నిలబడి సహన దాని తోక పట్టుకుంది. "ఇడవకే, సహనా, ఇడవకే" అని అరుస్తోంది సుజాత. "ఇడుస్తలేనమ్మా, పట్టుకున్న" అంటోంది ఆ పిల్ల. అల వచ్చింది. బోర్డు ముందుకు లేచి, నురగ మీద జారుతూ ఒడ్డు వైపు పరుగెత్తింది. సుజాత మొదట కెవ్వుమంది, తరవాత ఆ కేక నవ్వయింది. దూరంగా వెనక, సహన రెండు చేతులూ పైకెత్తి గంతులేస్తోంది. కాసేపటికి సహన నాకు ఫోను చేసింది. వెనక నుంచి సుజాత అందుకుని, "అత్తమ్మా, సూసిన్రా? పిల్ల గట్టిగ పట్టుకున్నది కాబట్టి సరిపోయింది, లేకుంటే నేనేడ పోతుంటినో" అంది, ఇంకా ఆయాసపడుతూనే. చూశానని చెప్పాను. మిగతాది చెప్పలేదు.